పాత బట్టల మూట వెంట: ఫ్యాషన్‌లో సర్క్యులర్ సప్లై చెయిన్ మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లకు

"మేడమ్, ఫ్యాషన్ ఇండస్ట్రీలో సర్క్యులర్ సప్లై చెయిన్ మీద చేద్దామనుకుంటున్నాను" అంటూ వచ్చే పరిశోధక విద్యార్థుల దగ్గర దాదాపు ఎప్పుడూ ఒకటే బొమ్మ ఉంటుంది. ఫ్యాక్టరీ, షాపు, కస్టమర్, రీసైక్లింగ్, మళ్లీ ఫ్యాక్టరీ. మధ్యలో ఆకుపచ్చ బాణాలు. బొమ్మ తప్పని అనను. కానీ అందులో డబ్బు లేదు, బరువు లేదు, మనిషి లేడు. బాణం గీసినంత మాత్రాన చిరిగిన చొక్కా కదలదు. ఎవరో ఒకరు దాన్ని కొనాలి, మూట కట్టాలి, తూచాలి, ఇంకొకరికి నాలుగు రూపాయలు ఎక్కువకి అమ్మాలి.

నేను హైదరాబాద్‌లో ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెబుతాను. పాత బట్టల వ్యాపారం మీద పరిశోధన చేస్తాను. నా సలహా ఒక్కటే: సరుకు చేతులు మారే చోట నిలబడి, అక్కడ ధర ఎలా తేలుతుందో చూడండి. ఏది తిరిగి వాడకంలోకి వస్తుంది, ఏది చెత్తకి పోతుంది అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ చోటికి ఎలా వెళ్లాలి, వెళ్లి ఏం చేయాలి అన్నది కింద రాస్తున్నాను.

ముందు టాపిక్‌ని కత్తిరించండి

మన దేశంలో బట్టల వ్యర్థం మూడు దారుల్లో పోగవుతుంది: ఇళ్లలో వాడేసినవి, ఫ్యాక్టరీల్లో కటింగ్ టేబుల్ దగ్గరా మగ్గాల దగ్గరా మిగిలేవి, విదేశాల నుంచి ఓడల్లో వచ్చేవి. ఫ్యాషన్ ఫర్ గుడ్ అనే సంస్థ 2022లో వేసిన అంచనా ప్రకారం ఏటా పోగయ్యేది దాదాపు 78 లక్షల టన్నులు. అందులో ఇళ్ల వాటా 51 శాతం, ఫ్యాక్టరీల వాటా 42 శాతం, దిగుమతుల వాటా 7 శాతం. విచిత్రం ఏమిటంటే కెమెరాలూ, డాక్యుమెంటరీలూ, మన పరిశోధక విద్యార్థులూ అందరూ ఆ 7 శాతం వెనకే పరుగెడతారు. పానిపట్‌లో కొండల్లా పడి ఉన్న ఫారిన్ కోట్లు ఫోటోకి బాగుంటాయి మరి. మన వీధిలో మూట కట్టుకుని వెళ్లే అమ్మాయి ఫోటోకి ఆనదు.

ఒక దారి పట్టుకోండి. అందులో ఒకే రకం సరుకు, ఒకటి రెండు చేతులు మారే చోట్లు చాలు. తిరుపూర్ కటింగ్ టేబుల్ దగ్గర పడే కాటన్ బనియన్ ముక్క ఓపెన్ ఎండ్ నూలు మిల్లు (పొట్టి పోగుతో లావు నూలు తీసే మిల్లు) దాకా ఎలా వెళుతుంది? సిరిసిల్ల మరమగ్గాల దగ్గర మిగిలే పాలియెస్టర్ నూలు ఎవరు కొంటారు? గుంటూరు ఇళ్లలోంచి పోయే ప్యాంటు ఎవరి ఒంటి మీదికి చేరుతుంది? ఒక్కో ప్రశ్నకీ ఒక్కో పీహెచ్‌డీ పడుతుంది. "ఎ స్టడీ ఆన్ సర్క్యులర్ ఎకానమీ ఇన్ ఇండియన్ ఫ్యాషన్" అన్న టైటిల్‌కి మాత్రం ఒక జీవితం చాలదు.

మీ వీధిలో మొదలుపెట్టండి

రైలు టికెట్ కొనకముందే చూడాల్సిన పాఠం ఒకటి ఉంది. పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ మీ వీధిలోకి వచ్చినప్పుడు పక్కన కూర్చోండి. నేను గుంటూరులో మా అమ్మ వాకిట్లోనే నేర్చుకున్నాను. గంప దించి, అమ్మ తెచ్చిన ప్యాంటు అందుకుని, రెండు చేతులతో ఆకాశానికేసి పట్టుకుంటుంది. కూర్చునే చోట వెలుతురు కనబడితే పక్కన పడేస్తుంది. జిప్పు ఒకసారి పైకీ కిందికీ లాగుతుంది. చొక్కా అయితే కాలర్ మడత తిప్పి చూస్తుంది, చంకల కింద వేలు పెట్టి లాగుతుంది. చీర అయితే కుచ్చిళ్ల చోట, ఫాల్ కుట్టు దగ్గర. ఒక్కోదానికి నాలుగైదు సెకన్లు పడుతుందేమో.

"అమ్మగారూ, ఈ ప్యాంటు పలచబడింది. దీన్ని లెక్కలో వెయ్యను."

"అదేంటే, పట్టుమని పదిసార్లు కూడా తొడగలేదు ఆయన!"

"తొడగలేదు సరే, ఉతికిన ఉతుకుడికి పోయింది. ఇంకో రెండు మంచివి తెండి, ఆ మూత గిన్నె ఇస్తా."

రివర్స్ లాజిస్టిక్స్ (వాడిన సరుకుని వెనక్కి తెచ్చే పని) పుస్తకాల్లో సేకరణ, తనిఖీ, గ్రేడింగ్ అని మూడు అధ్యాయాలుగా చదివేది ఇదే. మీరు నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి: ఏ బట్టని ముందు అందుకుంది, ఏది తోసేసింది, ఏ లోపానికి ఎంత తగ్గించింది, ఎన్ని బట్టలకి ఏ గిన్నె. ఆ గిన్నె హోల్‌సేల్ ధర తర్వాత కొట్లో కనుక్కోండి. సేకరణ ఖర్చు తేలిపోతుంది.

తర్వాత మూట ఎటు పోతుందో అడగండి. మంచి ప్యాంట్లూ చొక్కాలూ ఉతికి, ఇస్త్రీ చేసి, ఎర్రగడ్డ ఆదివారం సంతలాంటి చోట అమ్ముడవుతాయి. ఢిల్లీలో రఘుబీర్ నగర్‌లో ఈ పాత బట్టలకి తెల్లవారకముందే ఒక మండీ నడుస్తుంది. గుజరాత్ నుంచి వచ్చి స్థిరపడిన వాఘ్రీ కుటుంబాలు తరాలుగా ఆ పని చేస్తున్నాయి. తొడగడానికి పనికిరాని కాటన్ గుడ్డలు ముక్కలై మెకానిక్ షాపుల్లో నూనె తుడవడానికి పోతాయి. పాత పట్టుచీరలది వేరే దారి. కొనేవాడు జరీ గీకి గీటురాయి మీద రుద్ది, వెండి ఉందో లేదో చూసి ధర కడతాడు. వాడికి చీర అక్కర్లేదు, అందులో లోహం కావాలి. ఒకే బీరువాలోంచి బయటపడ్డ మూడు బట్టలు మూడు వేరే మార్కెట్లకి పోవడం ఇక్కడ గమనించాలి.

(అసలు మన పేరంటాల జాకెట్టు ముక్కని మించిన సర్క్యులర్ సరుకు ఎక్కడైనా ఉందా? ఒకరిచ్చింది ఇంకొకరికి, వాళ్లిచ్చింది మళ్లీ మనకి, కత్తెర తగలకుండా ఊరంతా తిరుగుతుంది. దీని మీద ఎవరైనా పేపర్ రాస్తే నేను తప్పకుండా చదువుతాను.)

చేతికి నేర్పండి

గోదాంలో మీకు మర్యాద దక్కాలంటే బట్ట పట్టుకుని ఏ రకమో చెప్పగలగాలి. లేబుల్ నమ్ముకుంటే కుదరదు. సగం బట్టలకి అది కత్తిరించేసి ఉంటుంది, ఉన్నవాటి మీద అక్షరాలు ఉతుకుల్లో పోయి ఉంటాయి. ఒక పటకారు, స్టీలు పళ్లెం, లైటర్ తీసుకుని ఇంట్లోనే సాధన చేయండి. రెండు పోగులు లాగి వెలిగించండి. పత్తి కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలియెస్టర్ ముడుచుకుని కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఉన్ని, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన, నలిపితే పొడి అయ్యే నల్ల పూస. స్వెటర్ కుప్పలో 'ఉన్ని' అని చెప్పే వాటిలో చాలావరకు అక్రిలిక్ అని ఈ పరీక్షతోనే తెలుస్తుంది. అక్రిలిక్ కూడా కరుగుతుంది, ఘాటు వాసన వస్తుంది, మిగిలిన నల్ల పూస నలగదు.

ఇది ఎందుకంటే, రీసైక్లింగ్‌లో ఏది సాధ్యమో నిర్ణయించేది పోగు. బట్టని యంత్రంలో చీల్చి మళ్లీ పీచు చేసినప్పుడు పోగు పొడవు తగ్గుతుంది. పొట్టి పోగుతో సన్నటి నూలు రాదు, లావు నూలే వస్తుంది. అందుకే పాత చొక్కా మళ్లీ చొక్కా అవడం కష్టం, కాళ్లు తుడుచుకునే పట్టా అవడం తేలిక. జీన్స్‌లో, లెగ్గింగ్స్‌లో సాగడానికి కలిపే స్పాండెక్స్ కొంచెమే అయినా చీల్చే యంత్రం దగ్గర తలనొప్పి. డిజైనర్ దగ్గర రెండు శాతం అనిపించేది గోదాంలో ఒక మూట మొత్తాన్ని తక్కువ రకంలోకి నెట్టేస్తుంది.

పానిపట్‌కి వెళితే

వెళ్లొద్దని చెప్పను. పాత ఉన్ని బట్టల్ని చీల్చి షాడీ నూలు తీసే పని ప్రపంచంలో ఇంత పెద్ద ఎత్తున జరిగే చోట్లు తక్కువ. ఢిల్లీకి ఉత్తరాన 90 కిలోమీటర్లు, జీటీ రోడ్డు మీదే ఊరు. ఈ షాడీ పద్ధతి 1813లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బ్యాట్లీ అనే ఊళ్లో బెంజమిన్ లా మొదలుపెట్టాడు. యూరప్‌లో ఆ మిల్లులు మూతపడుతూ వచ్చాయి, పని ఇటు వచ్చింది.

ఏరే చోట కూర్చోండి, యంత్రాల దగ్గర తర్వాత నిలబడొచ్చు. ఆడవాళ్లు నేల మీద కూర్చుని, మన కత్తిపీటలా నిలబెట్టిన కత్తి ముందు కోటు పట్టుకుని ఒక్క లాగు లాగుతారు. గుండీలు ఒక పక్క, జిప్పు ఒక పక్క, లైనింగ్ ఒక పక్క. ఆ గుండీలూ జిప్పులూ కూడా తూకానికి అమ్ముడవుతాయి. తర్వాత రంగులు. ఎరుపు అంటే ఒక ఎరుపు కాదు, చాలా ఎరుపులు. ఇంత శ్రద్ధగా రంగు ఎందుకు ఏరుతున్నారని ఒక యజమానిని అడిగితే నా వైపు జాలిగా చూసి, "మేడమ్‌జీ, రంగు ముందే ఉందిగా, మళ్లీ ఎందుకు వేయాలి?" అన్నాడు. ఏరిన రంగే నూలు రంగు అవుతుంది. డైయింగ్ ఖర్చు లేదు, నీళ్ల ఖర్చు లేదు. ఈ పరిశ్రమ నిలబడ్డ కిటుకు ఆ కుప్పల్లో ఉంది. ఆ కిటుకు నడిపించేది రోజు కూలీకి కూర్చున్న మనిషి కన్ను. మీ కాస్ట్ మోడల్‌లో దాన్ని 'లేబర్' అని ఒక గడిలో పెట్టి వదిలేయకండి.

ఆ తర్వాత చీల్చడం, ఏకడం, వడకడం, నేయడం, పైన నూగు లేపడం. రగ్గు తయారు. సహాయ సంస్థలు వరదలకీ భూకంపాలకీ పంచిన బూడిదరంగు రగ్గులు చాలా కాలం ఇక్కడివే. ఇప్పుడు మెత్తగా, తేలిగ్గా, పూలపూలుగా ఉండే పాలియెస్టర్ రగ్గులు వచ్చి ఆ మార్కెట్‌ని చాలావరకు తినేశాయి. అవీ పానిపట్‌లోనే తయారుచేస్తున్నారు, కానీ కొత్త పాలియెస్టర్‌తో. కాబట్టి ఏ రీసైకిల్ సరుకు గురించి రాసినా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది దేనితో పోటీ పడుతోంది? షాడీ రగ్గు పోటీ పడింది చవకైన కొత్త పాలియెస్టర్ రగ్గుతో. పర్యావరణం మాట ఆ బేరంలో ఎవరూ ఎత్తలేదు.

చలికాలం ముందు రగ్గుల సీజన్‌లో వెళ్తే ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. సీజన్ అయిపోయాక వెళ్లండి. టీ కూడా ఇస్తారు.

దిగుమతుల కాగితాలు చదవడం

కస్టమ్స్‌లో 6309 అంటే వాడిన బట్టలు, 6310 అంటే గుడ్డపేలికలు. తొడగడానికి పనికొచ్చే పాత బట్టలు మన దేశంలోకి తేవాలంటే లైసెన్సు కావాలి. పేలికలకి అంత ఇబ్బంది లేదు, కానీ మళ్లీ తొడగడానికి వీల్లేకుండా కోసి ఉండాలి. దాన్నే మ్యుటిలేషన్ అంటారు. గుజరాత్‌లో కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో పాత బట్టలు ఏరే యూనిట్లు ఉన్నాయి. అక్కడ ఏరిన వాటిలో మంచివి ఆఫ్రికా దేశాలకి మళ్లీ ఎగుమతి అవుతాయి. మీరు దిగుమతి గణాంకాలు తీస్తే ఈ రెండు కోడ్‌లూ కలిపి చూడండి, దేశాల వారీగా చూడండి. ఒక ఏడాది ఒక కోడ్ తగ్గి ఇంకొకటి పెరిగిందంటే, సరుకు మారిందో కాగితం మారిందో కనుక్కున్నాకే వ్యాఖ్యానం రాయండి.

అడిగే తీరు

సస్టెయినబిలిటీ మాట మొదట ఎత్తకండి. ఎత్తారంటే వినాలని మీరు కోరుకునేదే చెబుతారు. "భూమాతని కాపాడుతున్నాం మేడమ్" అన్న జవాబుతో అధ్యాయం నిండదు. ధర అడగండి. ఈ రకం కిలో ఎంత, ఆ రకం ఎంత, రెండింటికీ తేడా ఎందుకు, వానాకాలంలో మారుతుందా, అప్పు ఎన్ని రోజులు, సరుకు బాగోలేకపోతే వెనక్కి పంపుతారా, తరుగు ఎవరి లెక్కలో పోతుంది. ఇవి వ్యాపారి రోజూ మాట్లాడుకునే విషయాలు కాబట్టి చకచకా వస్తాయి.

తర్వాత అదే లావాదేవీ గురించి అవతలి మనిషిని అడగండి. అమ్మినవాడు 5 శాతం తరుగు అంటాడు, కొన్నవాడు 12 అంటాడు అనుకోండి, ఆ తేడాని సగటు తీసి మూసేయకండి. ఆ బేరంలో నమ్మకం ఎంత ఉందో, ఎవరి చెయ్యి పైనుందో ఆ తేడా చెబుతుంది.

యూనివర్సిటీ లెటర్‌హెడ్‌తో తలుపులు తెరుచుకోవు. పైగా ట్యాక్స్ వాళ్లనుకుంటారు. కమీషన్ ఏజెంట్‌ని పట్టుకోండి. ఆయనకి ఇద్దరూ తెలుసు, కబుర్లకి తీరిక ఉంటుంది. కాకపోతే ఆయన చూపించినవాళ్లనే చూసి వచ్చేయకండి. కాటా దగ్గర కూర్చునే గుమాస్తాతో, మూటలు మోసే హమాలీతో విడిగా మాట్లాడాలి.

తూచండి

ఈ రంగంలో శాతాలు ఊరికే దొరుకుతాయి, కిలోలు దొరకవు. చిన్న స్ప్రింగు కాటా ఒకటి సంచిలో పెట్టుకోండి. లెక్క కోసం అనుకుందాం: ఒక గోదాంలోకి 1,000 కిలోల సరుకు వచ్చింది. తొడగడానికి పనికొచ్చేవి 250, తుడుపు గుడ్డలకి 300, చీల్చడానికి 350 అని యజమాని చెప్పాడు. కలిపితే 900. మిగతా 100 ఏది? గుండీలూ జిప్పులూ కొంత, దుమ్ము కొంత, తడి ఆరి తగ్గింది కొంత. అప్పటికీ ఇంకా మిగులుతుంది. అది వెనక గోడ అవతల కాలువలో ఉందా, ఇటుక బట్టీలో కాలిందా, ఎవరైనా ఉచితంగా పట్టుకుపోయారా? గోదాం చుట్టూ ఒకసారి నడిచి చూడండి. "సున్నా వ్యర్థం" అని బోర్డు ఉన్న చోట రెండుసార్లు నడవండి.

సర్టిఫికెట్ ఎక్కడ మొదలవుతుందో చూడండి

బ్రాండ్ల వైపు నుంచి చేసేవాళ్లకి గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్, అంటే సరుకులో రీసైకిల్ పదార్థం ఎంతుందో ధ్రువీకరించే ప్రమాణం, తప్పదు. దాని కింద సర్టిఫికెట్‌కి కనీసం 20 శాతం, ట్యాగ్ మీద లోగోకి 50 శాతం రీసైకిల్ పదార్థం ఉండాలి. సరుకు ఒక కంపెనీ నుంచి ఇంకొక కంపెనీకి వెళ్లినప్పుడు ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్ వెంట వెళుతుంది. పటిష్ఠంగా ఉన్నట్టే ఉంటుంది, కానీ ఆ గొలుసు రీసైక్లర్ గేటు దగ్గర మొదలవుతుంది. గేటుకి ఇవతల మూట కట్టినావిడ, సంతలో కొన్నవాడు, గోదాం దళారీ అందరూ కలిసి ఒక డిక్లరేషన్ కాగితంలో ఇమిడిపోతారు. పైగా 50,000 రూపాయల లోపు సరుకుకి సాధారణంగా ఈ-వే బిల్లు (రవాణాలో సరుకు వెంట ఉండే జీఎస్టీ పత్రం) కూడా అక్కర్లేదు. మీ పరిశోధన ఆ గేటు ఇవతల ఉంటే, ఆడిటర్లు చూడనిది మీరు చూస్తున్నట్టే.

ఇంకొకటి: 'రీసైకిల్డ్ పాలియెస్టర్' చొక్కా అంటే పాత చొక్కా కరిగించి చేసింది అనుకునేవాళ్లు క్లాసులో ఇప్పటికీ ఉంటారు. అది దాదాపు పూర్తిగా నీళ్ల సీసాల నుంచి వస్తుంది. సీసా మళ్లీ సీసా అయ్యే అవకాశం ఉండగా దాన్ని చొక్కా చేశాక ఆ చొక్కా మళ్లీ చొక్కా అవడం అరుదు.

మనుషులతో

చీల్చే గదిలోకి మాస్కు లేకుండా వెళ్లకండి. లోపల రోజంతా ఉండేవాళ్లకి మాస్కు లేదని గమనించండి, రాయండి. ముఖాలు కనబడే ఫోటోలు వద్దు. యజమాని పక్కనుండగా కూలీ ఎంత అని అడగొద్దు, ఆ జవాబు మీకూ పనికిరాదు, ఆమెకీ చిక్కు. అంగీకార పత్రం ఇంగ్లిష్‌లో ప్రింట్ తీసుకెళ్లి వేలిముద్ర వేయించుకోవడం ఎథిక్స్ కమిటీకి చాలుతుందేమో గానీ, అది అంగీకారం కాదు. వాళ్ల భాషలో నోటితో చెప్పండి, వద్దంటే లేచి వచ్చేయండి. ధరలు రాసేటప్పుడు వ్యాపారి పేరే కాదు, గుర్తుపట్టే వివరాలు కూడా తీసేయండి. ఇది చిన్న లోకం.

రాసేటప్పుడు

బట్టల తయారీకి వాడే పదార్థంలో మళ్లీ కొత్త బట్టగా మారేది 1 శాతం కన్నా తక్కువ అని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో చెప్పింది. అందరూ మొదటి పేజీలో రాస్తారు. మీరు దాన్ని చివరికి జరిపి, మీ దారిలో చక్రం ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో ముందు రాయండి. కారణం చాలాసార్లు టెక్నాలజీ కాదు. స్వీడన్‌లో రీన్యూసెల్ కంపెనీ పాత కాటన్ నుంచి గుజ్జు తీసి కొత్త పోగుకి ముడిసరుకు చేసింది. పద్ధతి పనిచేసింది, ఫ్యాక్టరీ కట్టారు, మెచ్చుకున్న బ్రాండ్లు మెచ్చుకున్నంతగా ఆర్డర్లు ఇవ్వలేదు. 2024 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత చేతులు మారి సర్క్యులోస్ పేరుతో మళ్లీ మొదలైంది. అక్కడా ప్రశ్న ధరదే, కొనేవాడిదే.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి వాడేసిన బట్టల్ని విడిగా సేకరించాలన్న నిబంధన వచ్చింది. సేకరించింది ఎక్కడో ఏరాలి. ఆ ఏరే పని ఏ ఊరికి, ఏ ధరకి వస్తుందో ఇప్పుడే లెక్క రాసుకోవడం మొదలుపెట్టినవాళ్ల దగ్గర నాలుగేళ్లకి మంచి డేటా ఉంటుంది.

వైవాలో శాంపిల్ సైజ్ ఎంత అని తప్పకుండా అడుగుతారు. ఒకే సరుకుకి అమ్మినవాడి కాటా చీటీ, కొన్నవాడి కాటా చీటీ పక్కపక్కన పెట్టిన ఫైలు తీసుకెళ్లండి. జిరాక్సు కాపీలు ఇంకో సెట్ ఉంచుకోండి, కాటా చీటీల సిరా త్వరగా వెలిసిపోతుంది.